గుండెలో రక్తం వెనక్కి ఎందుకు మళ్లదు?

గుండె కవాటాలకు తమంతట తాము కదిలే శక్తి లేదు. తలుపు రెక్కలాంటి ఒక్కో రేకు మందం సుమారు మిల్లీమీటరే. దాన్ని తెరిచే కండరమూ లేదు, మూసే కండరమూ లేదు, ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే నాడీ సంకేతమూ లేదు. అయినా రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని, లక్షసార్లు మూసుకుంటాయి. వెనక, అంటే రక్తం వచ్చే వైపు, ఒత్తిడి ముందున్న దానికంటే ఎక్కువైతే తెరుచుకుంటాయి, తక్కువైతే మూసుకుంటాయి. అంతకు మించి వాటికి తెలిసింది ఏమీ లేదు.

ఈ ఒక్క విషయం పట్టుబడితే ఆరోగ్యంగా ఉన్న గుండే కాదు, జబ్బు చేసిన గుండె కూడా అర్థమవుతుంది. కవాటం పాడైనప్పుడు మొదట దెబ్బ తినేది సాధారణంగా దాని వెనక ఉన్న గది. అందుకే కవాటం జబ్బులో వెనక ఏముందో చూస్తూ పోతే లక్షణాల లెక్క తేలుతుంది.

దారి

శరీరం నుంచి వచ్చే ఆక్సిజన్ తగ్గిన రక్తం రెండు బృహత్సిరల ద్వారా కుడి కర్ణికలోకి (పై గది) చేరుతుంది. అక్కడి నుంచి ట్రైకస్పిడ్ కవాటం దాటి కుడి జఠరికలోకి (కింది గది), పల్మనరీ కవాటం దాటి ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఆక్సిజన్ నింపుకుని నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు వస్తుంది. మైట్రల్ కవాటం దాటి ఎడమ జఠరికలోకి, అయోర్టిక్ కవాటం దాటి బృహద్ధమనిలోకి, అక్కడి నుంచి ఒళ్లంతా. పైన రెండు గదులు, కింద రెండు గదులు, నాలుగు కవాటాలు. కుడి ఎడమల మధ్య గోడకు ఆరోగ్యవంతుల్లో రంధ్రం ఉండదు. గర్భంలో ఉన్నప్పుడు పై గదుల మధ్య ఉండే చిన్న దారి మాత్రం సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు, చాలామందికి దానివల్ల ఇబ్బందేమీ రాదు.

ఇప్పుడు బడి పిల్లలు గీసే ఈ బొమ్మ వెయ్యేళ్లకు పైగా ఎవరికీ తోచలేదు. కుడి నుంచి ఎడమకు రక్తం మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఊరుతుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పాడు, అందరూ నమ్మారు. 13వ శతాబ్దంలో అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడకు రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తులు చుట్టి రావాల్సిందేనని రాశాడు. మొత్తం చక్రాన్ని 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే ముడివేశాడు. ఆయన వాదంలో అసలు బలం లెక్కది. నేటి అంకెల్లో చెప్పుకుంటే, ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 స్పందనలు అంటే నిమిషానికి 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు. ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. గంటకు 300 లీటర్ల కొత్త రక్తాన్ని ఏ అవయవం తయారు చేస్తుంది? అదే రక్తం తిరిగి వస్తూ ఉండాలి.

హార్వే చూపించిన రెండో రుజువును ఎవరైనా చేసి చూడొచ్చు. మోచేతికి పైన కొంచెం బిగుతుగా గుడ్డ కడితే ముంజేతి సిరలు ఉబ్బుతాయి, వాటి మీద అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. అవి సిరల కవాటాలు. ముడికి మణికట్టు వైపున సిరను ఒక వేలితో నొక్కి పట్టి, రెండో వేలితో ఆ రక్తాన్ని మోచేతి వైపు, ముడి దాటేవరకు తోసేయండి. ముడికీ మొదటి వేలికీ మధ్య సిర చదునుగా ఉండిపోతుంది, పై నుంచి రక్తం దిగిరాదు. మొదటి వేలు తీయగానే కింది నుంచి నిండిపోతుంది. చూశాక గుడ్డ విప్పేయడం మరిచిపోవద్దు.

0.8 సెకండ్ల కథ

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందనకు 0.8 సెకండ్లు పడుతుంది. ఎడమ వైపు ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. ఒత్తిళ్లన్నీ బీపీ కొలిచే మిల్లీమీటర్ల పాదరసంలోనే.

జఠరిక సడలి ఉంది, లోపల ఒత్తిడి 5కు అటూఇటూ. కర్ణికలో అంతకంటే కాస్త ఎక్కువ. ఆ చిన్న తేడా చాలు, మైట్రల్ తెరుచుకుని రక్తం కిందికి దిగుతుంది. జఠరికలోకి వచ్చే రక్తంలో 70 నుంచి 80 శాతం ఇలా కర్ణిక ఏ శ్రమా పడకుండానే చేరిపోతుంది. చివర్లో 0.1 సెకండు పాటు కర్ణిక ముడుచుకుని మిగతా 20, 30 శాతం నెడుతుంది. ఇప్పుడు జఠరికలో సుమారు 120 మిల్లీలీటర్లు ఉన్నాయి.

జఠరిక బిగియడం మొదలవుతుంది. ఒత్తిడి కర్ణికను దాటిన క్షణమే మైట్రల్ మూసుకుంటుంది. కానీ ముందున్న బృహద్ధమనిలో ఒత్తిడి 80, జఠరికలో ఇంకా పది పన్నెండే. కాబట్టి అయోర్టిక్ తెరుచుకోదు. సుమారు 0.05 సెకండ్ల పాటు రెండు తలుపులూ మూసే ఉంటాయి. రక్తం ఎటూ పోలేదు, పరిమాణం మారదు, కండరం బిగుస్తూనే ఉంటుంది. ఒత్తిడి నిట్టనిలువునా లేస్తుంది. 80 దాటగానే అయోర్టిక్ తెరుచుకుని, ఒత్తిడి 120 వరకు ఎక్కుతూ 70 మిల్లీలీటర్లు బయటికి పోతాయి. 50 మిల్లీలీటర్లు లోపలే మిగులుతాయి. 120లో 70 అంటే 58 శాతం. ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) రిపోర్టులో ‘ఈఎఫ్’ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) అని రాసేది ఇదే.

తర్వాత కండరం సడలుతుంది, జఠరికలో ఒత్తిడి బృహద్ధమని కంటే తగ్గుతుంది, రక్తం వెనక్కి మళ్లబోతుంది, అయోర్టిక్ మూసుకుంటుంది. ఇక్కడ పైన చెప్పిన నియమానికి చిన్న సవరణ అవసరం. పరుగెత్తే రక్తానికి వేగం ఉంటుంది కనుక, ఒత్తిడి తేడా తలకిందులైన తర్వాత కూడా అది కాసేపు ముందుకే పోతుంది. కవాటం మూసుకోవడం ఆ వేగం చచ్చాక. మళ్లీ కొద్దిసేపు రెండూ మూసే ఉంటాయి, జఠరికలో ఒత్తిడి కిందికి జారుతుంది, కర్ణిక కంటే తగ్గగానే మైట్రల్ తెరుచుకుంటుంది. ఈలోగా కర్ణికలో పోగైన రక్తం ఒక్కసారిగా దిగుతుంది.

జఠరికలో ఒత్తిడి దాదాపు సున్నాకు వచ్చినా బృహద్ధమనిలో 80 నిలిచే ఉంటుంది. వెనక కవాటం గట్టిగా మూసుకోవడం, సాగిన ధమని గోడ తిరిగి ముడుచుకోవడం, ముందున్న సన్నని నాళాలు రక్తాన్ని నెమ్మదిగానే వదలడం, మూడూ కలిస్తేనే ఇది సాధ్యం. గుండె తన సొంత కండరానికి కావలసిన రక్తాన్ని, ముఖ్యంగా ఎడమ జఠరికకు, ఎక్కువగా ఈ సడలిన సమయంలోనే అందుకుంటుంది. కరోనరీ ధమనులు మొదలయ్యేది అయోర్టిక్ కవాటానికి కాస్త పైనే.

కుడి వైపూ ఇదే వరస, ఇదే 70 మిల్లీలీటర్లు. ఒత్తిడి మాత్రం 120/80 బదులు సుమారు 25/10. అందుకే కుడి జఠరిక గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే, ఎడమది 10 వరకు ఉంటుంది.

తాళ్లున్న కవాటాలు, తాళ్లు లేని కవాటాలు

కర్ణికకూ జఠరికకూ మధ్యనున్న మైట్రల్, ట్రైకస్పిడ్‌లకు పెద్ద చిక్కు ఉంది. ద్వారాలు వెడల్పు (మైట్రల్ విస్తీర్ణం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు), మైట్రల్‌కు కింద నుంచి తగిలే ఒత్తిడి 120. అంత పలుచని రేకులు పైకి తిరగబడకుండా ఎలా ఆగుతాయి? ఈదురుగాలికి గొడుగు తిరగబడనివ్వని ఊచల్లా, రేకుల అంచులను కింది నుంచి సన్నని గట్టి తాళ్లు పట్టి ఉంచుతాయి. ఆ తాళ్లు జఠరిక గోడ నుంచి లేచిన పాపిల్లరీ కండరాలకు కట్టి ఉంటాయి. ఈ కండరాలే తాళ్లు లాగి కవాటాన్ని తెరుస్తాయని చాలామంది అనుకుంటారు, కొన్ని పాఠాల్లో కూడా అలాగే చెబుతారు. తప్పు. జఠరిక బిగిసి పొట్టిపడినప్పుడు తాళ్లు వదులైపోతాయి. పాపిల్లరీ కండరాలు అదే సమయంలో ముడుచుకుని ఆ వదులును సరిచేస్తాయి. వాటి పని కవాటం మూసుకున్నాక, రేకులను హద్దు దాటనివ్వకపోవడం.

ఇంకో చిన్న సంగతి. మైట్రల్ రేకుల మొత్తం విస్తీర్ణం ద్వారం విస్తీర్ణం కంటే చాలా ఎక్కువ. రేకుల అంచులు ఒకదాన్నొకటి కేవలం తాకి ఊరుకోవు, కొన్ని మిల్లీమీటర్ల మేర ఆనుకుని పడుకుంటాయి. ఈ మిగులు ఉన్నంతకాలం ద్వారం కాస్త సాగినా లీకు రాదు. మిగులు అయిపోయిన రోజు లీకు మొదలవుతుంది.

అయోర్టిక్, పల్మనరీ కవాటాలకు తాళ్లు లేవు. ఒక్కోదానికి మూడు అర్ధచంద్రాకారపు గిన్నెల్లాంటి రేకులు, అవి మూసుకునేటప్పుడు ఒకదాన్నొకటి ఆసరా చేసుకుంటాయి. అయోర్టిక్ రేకుల వెనక బృహద్ధమని గోడ మూడు చోట్ల ఉబ్బి ఉంటుంది. రక్తం బయటికి దూసుకుపోయేటప్పుడు ఆ ఉబ్బుల్లో సుడులు తిరుగుతాయి. సుడి రెండు పనులు చేస్తుంది: తెరుచుకున్న రేకును గోడకు అంటుకుపోయి కరోనరీ ద్వారాన్ని కప్పకుండా ఆపుతుంది, ప్రవాహం నెమ్మదించగానే రేకును మధ్యకు నెట్టడం మొదలుపెడుతుంది. లియొనార్డో డావించి ఈ సుడులను 1513 ప్రాంతంలో బొమ్మలుగా గీశాడు. ప్రయోగశాలలో నమూనాలతో వాటి పాత్రను రుజువు చేయడానికి 1968 దాకా పట్టింది.

మరి కర్ణికలోకి వచ్చే ద్వారాల దగ్గర కవాటాలేవీ? పని చేసేవి లేవు. బృహత్సిరల నోటి దగ్గరా లేవు, పుపుస సిరల దగ్గరా లేవు. కర్ణిక ముడుచుకున్నప్పుడు ఒత్తిడి వెనక్కి కూడా పోతుంది. తల కొంచెం ఎత్తున పెట్టి వాలిన మనిషి మెడలో, కుడి వైపు సిరలో సన్నగా అల లేచి పడుతుండటం డాక్టర్లు చూసేది ఇదే. ముందున్న దారి వెడల్పుగా, అడ్డు లేకుండా ఉంటుంది కనుక రక్తం ఎక్కువగా అటే పోతుంది. ట్రైకస్పిడ్ మూసి ఉన్నప్పుడు కర్ణిక ముడుచుకుంటే (కొన్ని లయ దోషాల్లో అలా జరుగుతుంది) ఆ అల మెడలో పెద్దగా కొడుతుంది.

నాలుగు కవాటాలనూ పట్టి ఉంచేది ఒక నారపొర చట్రం. గుండెను కొట్టించే విద్యుత్తును పై గదులకూ కింది గదులకూ మధ్య అడ్డుకునేదీ అదే. సంకేతం దాటడానికి ఒకే దారి, ఏవీ నోడ్. అక్కడ సుమారు 0.1 సెకండు ఆలస్యం. కర్ణిక పని పూర్తయ్యాకే జఠరిక బిగియడానికి ఆ ఆలస్యమే కారణం. ఏవీ నోడ్ నుంచి సాగే విద్యుత్ దారి అయోర్టిక్ కవాటాన్ని ఆనుకునే కిందికి దిగుతుంది కాబట్టి, ఆ కవాటాన్ని మార్చినప్పుడు కొందరికి పేస్‌మేకర్ కూడా పెట్టాల్సి వస్తుంది.

చెడిపోయే తీరు

కవాటం రెండు రకాలుగా చెడుతుంది. పూర్తిగా తెరుచుకోదు, లేదా పూర్తిగా మూసుకోదు. కొందరిలో రెండూ.

మైట్రల్ సన్నబడటానికి ప్రధాన కారణం రుమాటిక్ జ్వరం. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు, సాధారణంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, ఆ బ్యాక్టీరియాపై తయారైన రోగనిరోధక శక్తి సొంత కవాటాల మీదికే మళ్లుతుంది. రేకుల అంచులు అతుక్కుపోతాయి, తాళ్లు కురచబడతాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి 1.5కు తగ్గితే తీవ్రమైనట్టే. వెనక ఉన్నది ఎడమ కర్ణిక, దాని వెనక ఊపిరితిత్తులు. కర్ణిక సాగుతుంది, దడ మొదలవుతుంది, లయ తప్పుతుంది, కదలని మూలల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు చేరితే పక్షవాతం. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం, చివరికి కుడి జఠరిక కూడా అలసిపోయి కాళ్ల వాపు. ఈ గొలుసులో ఎడమ జఠరిక పేరే లేదు గమనించండి. దాని వరకు భారం రానే లేదు.

ఈ జబ్బులో గుండె వేగం ప్రాణాల మీదికి తెస్తుంది. నిమిషానికి 75 దగ్గర జఠరిక నిండడానికి 0.5 సెకండు దొరుకుతుంది. 150 అయితే స్పందన మొత్తం 0.4 సెకండ్లే, నిండడానికి మిగిలేది 0.2 కంటే తక్కువ. పైగా సన్నని ద్వారం గుండా ప్రవాహం రెట్టింపయితే కావలసిన ఒత్తిడి తేడా నాలుగింతలవుతుంది. అందుకే ఏళ్ల తరబడి తెలియని మైట్రల్ స్టెనోసిస్ (కవాటం సన్నబడటం) కొందరిలో గర్భంతోనే తొలిసారి బయటపడుతుంది. రక్త పరిమాణం 40, 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది, దారి మాత్రం అంతే. గర్భిణికి పడుకుంటే ఆయాసం వస్తుంటే ‘ఈ సమయంలో మామూలే’ అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

అయోర్టిక్ సన్నబడితే కథ వేరు. వెనక ఉన్నది బలమైన ఎడమ జఠరిక. బయట 120 నిలపడానికి లోపల 200 పుట్టించాల్సి రావచ్చు. గోడ మందం పెంచుకుని అది ఏళ్లపాటు నెట్టుకొస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. అందుకే ఇది మోసకారి. నడిస్తే ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం, ఈ మూడింటిలో ఏది వచ్చినా జఠరిక ఓపిక అయిపోయినట్టే. అప్పుడు కవాటం మార్చకపోతే చాలామందికి మిగిలేది కొద్ది ఏళ్లు. వయసుతో సున్నం పేరుకోవడం ప్రధాన కారణం. పుట్టుకతోనే మూడు రేకుల బదులు రెండే ఉన్నవారిలో (వందలో ఒకరిద్దరు) ఇది కొన్ని దశాబ్దాలు ముందే వస్తుంది.

మైట్రల్ లీకులో జఠరిక కొట్టిన ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి కర్ణికలోకి పోతుంది, మరుసటి స్పందనలో అది తిరిగి వచ్చి చేరుతుంది. గది సాగుతుంది. ఇక్కడ ఈఎఫ్ మనల్ని మభ్యపెడుతుంది. తక్కువ ఒత్తిడి ఉన్న కర్ణికలోకి తోయడం తేలిక కాబట్టి, అలసిన జఠరిక కూడా 60 శాతం చూపిస్తుంది. తీవ్రమైన మైట్రల్ లీకు ఉన్నవారిలో ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పటి జఠరిక వ్యాసం 40 మిల్లీమీటర్లకు చేరినా, లక్షణాలు లేకున్నా సర్జరీ ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. ‘ఈఎఫ్ బాగానే ఉంది కదా’ అని వాయిదా వేయడం ఈ జబ్బులో సాధారణంగా జరిగే పొరపాటు.

కొన్ని లీకుల్లో రేకులు నిక్షేపంగా ఉంటాయి. జఠరిక సాగిపోయి వలయం వెడల్పవుతుంది, పాపిల్లరీ కండరాలు దూరం జరుగుతాయి, రేకులు ఆనుకోవడానికి పైన చెప్పిన మిగులు అయిపోతుంది. ఇక్కడ జబ్బు కండరానిది, అందుకే మొదటి వైద్యం గుండె బలహీనతకు ఇచ్చే మందులే.

హఠాత్తుగా వచ్చేది మరీ భయంకరం. గుండెపోటు వచ్చిన తర్వాత 2 నుంచి 7 రోజుల్లో పాపిల్లరీ కండరం తెగిపోవచ్చు. రెండింటిలో వెనక వైపు కండరం ఎక్కువగా తెగుతుంది, ఎందుకంటే ముందు దానికి సాధారణంగా రెండు ధమనుల నుంచి రక్తం అందితే దీనికి ఒక్కటే ఆధారం. సాగడానికి సమయం దొరకని చిన్న కర్ణికలో ఒత్తిడి ఒక్కసారిగా లేచి నిమిషాల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కర్ణికలోనూ జఠరికలోనూ ఒత్తిళ్లు త్వరగా సమానమవుతాయి కాబట్టి స్టెతస్కోపులో శబ్దం చిన్నగా వినిపించవచ్చు, ఒక్కోసారి వినిపించకనే పోవచ్చు.

అయోర్టిక్ లీకుకు గుర్తు బీపీలోనే దొరుకుతుంది. పై అంకె పెరుగుతుంది, కింది అంకె పడిపోతుంది, 160/50 లాగా. కింది అంకె పడిందంటే కరోనరీలకు రక్తం నెట్టే ఒత్తిడి పడినట్టే.

చెవికి, ఎకోకు దొరికేవి

‘లబ్’ అనేది మైట్రల్, ట్రైకస్పిడ్ మూసుకున్నప్పటి శబ్దం, ‘డబ్’ అనేది అయోర్టిక్, పల్మనరీ మూసుకున్నప్పటిది. రేకులు ఒకదానికొకటి తగలడం కంటే, ఆగిపోయిన రక్తం, బిగిసిన గోడలు కంపించడం వల్లే ఈ శబ్దాలు ఎక్కువగా పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న కవాటం తెరుచుకుంటే చప్పుడు వినిపించదు.

ఎకోలో డాప్లర్ రక్తపు వేగం కొలుస్తుంది. వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే ఒత్తిడి తేడా వస్తుంది. అయోర్టిక్ దగ్గర సెకండుకు 4 మీటర్లు అంటే 64 మిల్లీమీటర్లు. తీవ్రమైన స్టెనోసిస్‌కు ఆ 4 మీటర్లే గీటురాయి. ఇక రిపోర్టులో ‘ట్రివియల్ టీఆర్’, ‘ట్రేస్ ఎంఆర్’ (ట్రైకస్పిడ్, మైట్రల్‌లలో అతి స్వల్ప లీకు) అని చూసి నిద్ర పోగొట్టుకునేవారు చాలామంది. ఆరోగ్యవంతుల గుండెల్లో కూడా మూసుకునే క్షణంలో చుక్కంత వెనక్కి రావడం సహజం. గదుల కొలతలు మామూలుగా ఉంటే దానికి మందూ అక్కర్లేదు.

బాగుచేయడం, మార్చడం

అతుక్కుపోయిన మైట్రల్‌ను బెలూనుతో విప్పే పద్ధతిని జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1984లో ప్రకటించాడు. తొడ సిర గుండా కుడి కర్ణికకు, అక్కడి గోడకు రంధ్రం చేసి ఎడమ కర్ణికకు, అక్కడి నుంచి మైట్రల్‌లోకి. కర్ణికలో రక్తపు గడ్డ ఉన్నా, లీకు ఓ మోస్తరుకు మించి ఉన్నా ఇది కుదరదు. అయోర్టిక్‌ను కాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) ద్వారా మార్చడం 2002లో ఫ్రెంచ్ వైద్యుడు అలన్ క్రిబియేతో మొదలైంది. మైట్రల్ లీకులో మార్చడం కంటే, కుదిరితే సొంత కవాటాన్నే బాగుచేయడం మేలు, ఎందుకంటే తాళ్లు తెగకుండా ఉంటే జఠరిక ఆకారం నిలుస్తుంది.

మార్చాల్సి వస్తే లోహపు కవాటం దశాబ్దాలు మన్నుతుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ జీవితాంతం వాడాలి. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె) మైట్రల్ స్థానంలో 2.5 నుంచి 3.5, అయోర్టిక్‌లో సాధారణంగా 2 నుంచి 3. కొత్త రకం రక్తం పలుచన చేసే మాత్రలు లోహపు కవాటానికి పనికిరావు. వార్ఫరిన్ మానేస్తే రేకు రక్తపు గడ్డతో బిగుసుకుపోవచ్చు. కవాటం నుంచి రోజూ వినిపించే సన్నని టిక్‌టిక్ మందగించిందన్నా, ఆగిందన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జంతు కణజాలంతో చేసిన కవాటానికి వార్ఫరిన్ సాధారణంగా మొదటి కొన్ని నెలలే, కానీ 10 నుంచి 15 ఏళ్లలో అరిగిపోతుంది, వయసులో చిన్నవారికి ఇంకా ముందే. పిల్లలు కావాలనుకునే స్త్రీకి ఈ ఎంపిక మరింత క్లిష్టం, ఎందుకంటే వార్ఫరిన్ తొలి నెలల్లో పిండానికి హాని చేయగలదు.

రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చినవారికి, అది మళ్లీ రాకుండా, 12 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ (చిన్న పిల్లలకు బరువును బట్టి తక్కువ) ప్రతి 3, 4 వారాలకు ఒకటి. కవాటం దెబ్బతిని ఉంటే కనీసం 10 ఏళ్లు లేదా 40 ఏళ్లు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది. కృత్రిమ కవాటం ఉన్నవారు, గతంలో కవాటానికి ఇన్ఫెక్షన్ సోకినవారు చిగుళ్లు తెగే పంటి చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ (ఇది పెద్దల మోతాదు) ఒకసారి వేసుకోవాలి. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు ఉంది, ఆ సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే డెంటిస్టుకు చెప్పాలి.